స్కూల్లో ప్రార్థన, ఇంట్లో నాస్తికత్వం: పాపకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నేనూ మావారూ దేవుణ్ణి నమ్మం, ఇంట్లో పూజలు లేవు. మా పాపకు ఏడేళ్లు. కౌన్సిల్ నడిపే మామూలు ప్రైమరీ స్కూల్లో ఇయర్ టూ చదువుతోంది. వారానికొకసారి మతాల గురించి ఆర్.ఈ. క్లాసు ఉంటుంది. రోజూ అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది. బుధవారం చర్చి నుంచి వికార్ వచ్చి ఒక కథ చెప్పి ప్రేయర్ చేయిస్తారు. ఈమధ్య పాప బ్యాగులో ఒక వర్క్‌షీట్ కనబడింది. పైన ‘థాంక్యూ గాడ్ ఫర్’ అని ఉంది, కింద మూడు గడులు. మా పాప వాటిలో అమ్మ, నాన్న, ఐస్‌క్రీం బొమ్మలు వేసింది. అది చూసి మావారు మండిపడ్డారు. వాళ్లది తాతల నాటి నుంచీ నాస్తిక కుటుంబం. ‘రేపే ఉత్తరం రాసి అన్నిటి నుంచీ తప్పిద్దాం’ అంటున్నారు. అందరూ హాల్లో ఉంటే ఇదొక్కతే కారిడార్‌లో కూర్చోవాలా అని నా బెంగ. పోయినేడు మా నాన్న చనిపోయారు. ‘తాతయ్య హెవెన్‌లో ఉన్నాడని టీచర్ చెప్పింది, నువ్వెందుకు చెప్పలేదు?’ అని పాప అడిగితే నాకు మాట రాలేదు. అటు మా అమ్మేమో వీడియో కాల్‌లో దానికి శ్లోకాలు నేర్పుతోంది. ఇప్పుడు టీచరు ‘మీరు హిందువులు కదా, క్లాసుకొచ్చి దీపావళి గురించి చెప్తారా?’ అని అడిగారు. స్కూల్లో చేర్చేటప్పుడు ఫారంలో అలవాటుకొద్దీ హిందూ అని రాసింది నేనే. మా ఇద్దరికీ రోజూ ఇదే గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. పాపను ఆర్.ఈ. క్లాసు మానిపించకండి. అసెంబ్లీలో ప్రార్థన మాత్రం వేరే సంగతి. దాన్నుంచి తప్పించాలా వద్దా అన్నది పాపను అడిగి తేల్చుకోండి. మీ ఉత్తరం చదివితే మీరిద్దరూ ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి వాదించుకుంటున్నట్టు అనిపించింది. మీవారు భయపడుతున్నది ప్రార్థన గురించి. మీరు బెంగపడుతున్నది పాప ఒంటరిదైపోతుందేమోనని. ఇద్దరి బాధా నిజమే, ఒకరి మాట నెగ్గాలంటే ఇంకొకరు ఓడిపోవాల్సిన పని లేదు.

చట్టం కూడా ఈ రెండింటినీ విడివిడిగానే చూస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ స్కూళ్లన్నిటిలో మత విద్య, రోజువారీ సామూహిక ప్రార్థన 1944 చట్టంతో తప్పనిసరి అయ్యాయి. మీ పాప చదివేలాంటి మామూలు స్కూళ్లలో ఆ ప్రార్థన ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలని 1988 చట్టం చేర్చింది. అదే సమయంలో పిల్లల్ని తప్పించే హక్కు తల్లిదండ్రులకు ఉంది. దాని మూలాలు 1870 నాటి చట్టంలోనే ఉన్నాయి, ఇప్పుడు అమల్లో ఉన్నది 1998 స్కూళ్ల చట్టంలోని 71వ సెక్షన్. క్లాసు నుంచి గానీ, ప్రార్థన నుంచి గానీ, రెండింటి నుంచీ గానీ, పూర్తిగానో కొంతవరకో తప్పించమని మీరు అడగవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. స్కూలు కాదనడానికి వీల్లేదు. ‘కొంతవరకు’ అన్న మాట మీకు చాలా పనికొస్తుంది. ఒక్క బుధవారం ప్రేయర్ మాత్రమే వద్దని కూడా మీరు రాయవచ్చు. మీవారు అంటున్నట్టు అన్నిటికీ దండం పెట్టేయాల్సిన అవసరం లేదు. (ఎప్పుడైనా వేల్స్‌కి మారితే మాత్రం గుర్తుపెట్టుకోండి, అక్కడ 2022 నుంచి దశలవారీగా వచ్చిన కొత్త కరికులంలో ఈ క్లాసు నుంచి తప్పించే హక్కు తీసేశారు. కాకపోతే మతం లేనివాళ్ల ఆలోచనలు కూడా అందులో చెప్పి తీరాలి.)

క్లాసు ఎందుకు మానిపించొద్దంటున్నానో చెబుతాను. మీ పాప పక్కన కూర్చునే పిల్లల్లో ఒకరు ఉపవాసం ఉంటారు, ఒకరు తలపాగా కట్టుకుంటారు, ఒకరు ఆదివారం చర్చికి వెళ్తారు. వాళ్లు అలా ఎందుకు చేస్తారో తెలియకుండా పెరగడం ఆ పిల్లకు నష్టమే గానీ లాభం కాదు. ఈ దేశపు చరిత్ర, బొమ్మలు, కట్టడాలు, సెలవులు అన్నీ క్రైస్తవంతో పెనవేసుకున్నవే. ఆ కథలు తెలియని పిల్లకు రేపు సగం పాఠాలు అర్థం కావు. ఇంకొకటి కూడా ఉంది. దేవుణ్ణి నమ్మకపోవడం ఆలోచించి తేల్చుకున్న నిర్ణయమైతేనే దానికి బలం. అసలేమిటో వినకుండానే వద్దనుకుంటే అది కూడా ఇంట్లోంచి అందిన ఆచారమే అవుతుంది. మీవారు దీనికి కాదనరని నా నమ్మకం.

అయితే క్లాసు నిజాయితీగా ఉండాలి. ఉందో లేదో తెలుసుకోవాలంటే పాప నోట్‌బుక్ తీసి వాక్యాలు ఎలా రాశారో చూడండి. ‘దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడు’ అని ఉందా, ‘దేవుడు లోకాన్ని చేశాడని క్రైస్తవులు నమ్ముతారు’ అని ఉందా? పెద్దవాళ్లకు ఈ తేడా చిన్నదే. ఏడేళ్ల పిల్లకు మాత్రం టీచర్ నోటి నుంచి వచ్చిందంటే రెండు రెళ్లు నాలుగు ఎంతో అదీ అంతే. ‘నమ్ముతారు’ అన్న ఒక్క మాట ఉంటేనే ఆ పిల్లకు నమ్మనివాళ్లు కూడా ఉంటారని తెలుస్తుంది.

ఆ లెక్కన మీరు చెప్పిన వర్క్‌షీట్ తప్పే. మీవారి కోపం అనవసరమైనది కాదు. ‘థాంక్యూ గాడ్ ఫర్’ అని రాసిచ్చి గడులు నింపమంటే అది మతం గురించి చెప్పడం కాదు, పిల్ల చేత ప్రార్థన రాయించడం. పాప అందులో ఐస్‌క్రీం వేసింది కాబట్టి మనకు ముద్దొస్తుంది గానీ, ఆ కాగితం తనను అడిగింది మాత్రం నువ్వు దేవుడికి ఏం చెబుతావు అనే. దీని గురించి టీచర్‌తో మాట్లాడండి. గొడవ పెట్టుకోవద్దు. స్కూలు వదిలే వేళ గేటు దగ్గర నలుగురిలోనూ వద్దు. పది నిమిషాలు టైమ్ అడిగి, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. ‘క్రైస్తవులు దేవుడికి దేని కోసం కృతజ్ఞతలు చెబుతారు అని ఒక ప్రశ్న, నువ్వు దేని గురించి సంతోషిస్తావు అని ఇంకో ప్రశ్న పెడితే ప్రతి పిల్లా నిజం రాయగలదు కదా’ అని అడగండి. చాలామంది ప్రైమరీ టీచర్లకు ఈ సబ్జెక్టులో దొరికే శిక్షణ తక్కువ, నెట్‌లో దొరికిన షీట్ ప్రింట్ తీసి ఇస్తుంటారు. మర్యాదగా చెబితే మార్చుకునేవాళ్లే ఎక్కువ.

మాట్లాడినా ఫలితం లేకపోతే మీ వెనక గట్టి ఆధారాలు ఉన్నాయి. 2015లో మతం లేని మూడు కుటుంబాలు హైకోర్టుకు వెళ్లాయి. సెకండరీ స్థాయి సిలబస్‌లో మతేతర ఆలోచనా విధానాలను పక్కనపెట్టి, దానితోనే మత విద్య బాధ్యత పూర్తయినట్టు ప్రభుత్వం చెప్పడం చట్టరీత్యా పొరపాటని కోర్టు తేల్చింది. ప్రతి స్థానిక ప్రాంతంలోనూ ఈ సబ్జెక్టుపై సలహా ఇచ్చే కమిటీ ఒకటి ఉంటుంది, సాక్రే అంటారు. మీ పాప స్కూలు పాటించే సిలబస్‌ను కౌన్సిల్ తరఫున స్థానికంగానే తయారు చేస్తారు, అయిదేళ్లకోసారి మళ్లీ చూస్తారు. మానవవాదులకు, అంటే దేవుడి ప్రసక్తి లేకుండా మనిషి విలువల్ని నమ్మేవాళ్లకు, అలాంటి కమిటీలో పూర్తి సభ్యత్వం ఇవ్వనన్న కెంట్ కౌన్సిల్ నిర్ణయం చెల్లదని 2023లో హైకోర్టు చెప్పింది. మీ ప్రాంతపు సిలబస్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, దించుకుని చదవండి. అందులో మతం లేనివాళ్ల గురించి ఉండీ స్కూలు చెప్పకపోతే మీ మాటకు బలం ఇంకా పెరుగుతుంది. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ ప్రజల్లో 37.2 శాతం మంది మతం లేదని రాశారు. మీరు స్కూలును అడుగుతున్నది ప్రత్యేక సౌకర్యమేమీ కాదు, క్లాసులో ఇంకా ఎంతోమంది పిల్లల ఇళ్ల సంగతి.

ఇక ప్రార్థన. ఇక్కడ మీ బెంగ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో దాన్ని ‘అతి జాగ్రత్త’ అని కొట్టిపారేస్తున్నారేమోనని నా అనుమానం. ఉత్తర ఐర్లాండ్‌లో, బెల్‌ఫాస్ట్‌లో ప్రైమరీ స్కూలుకు వెళ్లే ఒక పాప, ఆమె తండ్రి వేసిన కేసు యు.కె. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మీలాగే ఆ ఇంట్లో మతం లేదు. పాప ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టింది. ‘మీకు తప్పించే హక్కు ఉందిగా, వాడుకోండి’ అని అధికారులు వాదించారు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ కుటుంబం వైపు తీర్పు చెప్పింది. అక్కడి పాఠం నిష్పాక్షికంగా, విమర్శనాత్మకంగా, అనేక దృక్పథాలకు చోటిచ్చేదిగా లేదని చెప్పింది. తప్పించే హక్కు ఇచ్చినంత మాత్రాన సరిపోదని, దాన్ని వాడుకోవడం తల్లిదండ్రులకు భారమని, పిల్లను వేరుగా నిలబెట్టి చిన్నబుచ్చే ప్రమాదం ఉందని కూడా చెప్పింది. అంటే కారిడార్‌లో ఒంటరిగా కూర్చునే పిల్ల గురించి మీ బెంగను దేశపు అత్యున్నత న్యాయస్థానమే లెక్కలోకి తీసుకుంది. ఆ తీర్పు ఉత్తర ఐర్లాండ్ చట్టం మీద వచ్చింది కాబట్టి మీ స్కూలుకు నేరుగా వర్తించదు. ఇది స్కూళ్లను మతరహితం చేసే కేసు కాదని, పాఠాల్లో క్రైస్తవానికి ఎక్కువ చోటు ఉండవచ్చని కూడా కోర్టు స్పష్టం చేసింది. మీవారితో ఆ భాగం కూడా చదివించండి.

తప్పించాక పాప ఏం చేస్తుంది అన్నదే అసలు ప్రశ్న. పిల్లను చూసుకునే బాధ్యత స్కూలుదే, కానీ ఆ సమయంలో వేరే పాఠం చెప్పి తీరాలన్న నియమం లేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక జంట తమ పిల్లలకు ప్రార్థనకు బదులు అంతే విలువైన ఇంకో అసెంబ్లీ కావాలని కోర్టుకెక్కారు. తీర్పు దాకా పోకుండానే స్కూలు యాజమాన్యం అందుకు ఒప్పుకుంది. అందుకని మీరు రాసే ఉత్తరంలో ‘తప్పించండి’ అని ఆపేయకండి. ఆ పావుగంట ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తారు, ఏం చేస్తుంది అని అడగండి. లైబ్రరీలో పుస్తకం చదువుకుంటుందా, ఇంకెవరైనా పిల్లలు కూడా బయట ఉంటారా? ఈ జవాబులు చేతికి వచ్చాక పాపను కూర్చోబెట్టుకుని అడగండి. ‘ప్రేయర్ అప్పుడు నీకెలా ఉంటుంది?’ అని తేలిగ్గా అడగండి, జవాబు మీరే అందించకండి. ‘కథ బావుంటుంది, పాట బావుంటుంది, కళ్లు మూసుకోమన్నప్పుడు మాత్రం ఏం చెయ్యాలో తెలీదు’ అంటే తనను హాల్లోనే ఉండనివ్వండి. కళ్లు మూసుకోనక్కర్లేదు, ఆమెన్ అననక్కర్లేదు, మిగతావాళ్లకు అడ్డు రాకుండా ఊరికే కూర్చుంటే చాలు అని చెప్పండి. అదే మాట టీచర్‌కీ చెప్పి, పాప చేతులు జోడించకపోతే ఎవరూ మందలించకుండా చూడమనండి. అలా కాక ‘నాకు అక్కడ ఉండాలని లేదు’ అంటే అప్పుడు ఉత్తరం రాయండి, బుధవారంతో మొదలుపెట్టండి. ఏ నిర్ణయమైనా ఏడాదికోసారి మళ్లీ అడగండి. పిల్లలు మారతారు. సిక్స్‌త్ ఫారంకి, అంటే పదహారేళ్లు దాటాక చదివే చివరి తరగతులకు, వచ్చాక ప్రార్థన నుంచి తప్పుకునే హక్కు చట్టప్రకారం తనదే అవుతుంది.

క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం వస్తే వెయ్యనివ్వండి. దాని గురించి ఇంతకంటే ఆలోచించకండి.

తాతయ్య సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది ఇదే. టీచర్ ఆ మాట మతం నేర్పాలని అని ఉండరు. ఏడుపు ముఖంతో ఉన్న పిల్లను ఓదార్చాలనుకుని తనకు తెలిసిన మాట చెప్పి ఉంటారు. పాప మిమ్మల్ని అడిగిన ప్రశ్నలో కూడా హెవెన్ ఉందా లేదా అన్న సందేహం లేదు. ‘నువ్వెందుకు చెప్పలేదు?’ అంది. తాతయ్య గురించి అమ్మ తనతో ఏమీ మాట్లాడలేదని దాని అర్థం. మతం లేని ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది. దేని మీద నమ్మకం లేదో పిల్లలకు బాగా తెలుస్తుంది, మనిషి పోతే ఏం చెయ్యాలో, ఎలా తలుచుకోవాలో ఎవరూ చెప్పరు. ఆ ఖాళీని స్కూలో, అమ్మమ్మో, ఎదురింటివాళ్లో నింపుతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

కాబట్టి స్కూలుకు ఉత్తరం రాసే ముందు పాపతో మాట్లాడండి. ‘చనిపోయాక మనుషులు హెవెన్‌కి వెళ్తారని మీ టీచర్ నమ్ముతారు. మళ్లీ పుడతారని అమ్మమ్మ నమ్ముతుంది. నాకూ నాన్నకూ అలా అనిపించదు. తాతయ్య శరీరం పని చెయ్యడం ఆగిపోయింది, ఆయనకిప్పుడు నొప్పి లేదు, భయం లేదు. ఆయన మళ్లీ రారు. అందుకే నాకు ఏడుపొస్తుంది’ అనండి. మీరు ఏడిస్తే ఏడవండి, దాచుకోకండి. తర్వాత ఆయన ఎలా నవ్వేవారో, పాపను ఏమని పిలిచేవారో చెప్పండి. ఫోటోలు తియ్యండి. ఆయన పోయిన రోజున ప్రతి ఏడూ ఏదో ఒకటి చెయ్యండి, ఆయనకు ఇష్టమైన పాట పెట్టుకున్నా సరే. ‘హెవెన్ అబద్ధం, టీచర్‌కి తెలీదు’ అని మాత్రం అనకండి. రేపు అదే మాట పాప క్లాసులో అంటుంది, ఈమధ్యే అమ్మమ్మనో నాన్ననో పోగొట్టుకున్న ఇంకో పిల్ల ముందు అంటుంది.

మీ అమ్మగారి శ్లోకాల మీద మీవారికి అభ్యంతరం ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఒకటి గమనించండి. అమ్మమ్మ నేర్పితే ముద్దుగా చూసి, స్కూల్లో ప్రేయర్ అంటే మండిపడితే పాపకు అర్థమయ్యేది ‘మన దేవుడు ఫర్వాలేదు, వాళ్ల దేవుడు పనికిరాడు’ అని. మీరు నేర్పాలనుకున్నది అది కాదు కదా. అలాగని రెండూ ఒకటే కూడా కాదు. అమ్మమ్మ మనిషి, తన నమ్మకం తనది, మనవరాలికి ప్రేమతో చెప్పుకుంటుంది. స్కూలు అందరి డబ్బుతో నడిచేది, అన్ని ఇళ్ల పిల్లలకూ సమానంగా చెందాల్సింది. ఈ తేడా పాపకు కూడా చెప్పవచ్చు, అర్థం చేసుకుంటుంది. మీ అమ్మగారిని మాత్రం ఆపకండి. తాతయ్య పోయిన ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషికి ఆ వీడియో కాల్ ఎంత ఆసరానో మీకు తెలుసు. ‘అమ్మా, శ్లోకం నేర్పు, కానీ చదవకపోతే దేవుడికి కోపం వస్తుందని అనొద్దు’ అని ఒక్క షరతు పెట్టండి.

మీవారికి ఒక మాట. మనదేశంలో పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగంలోని 28వ అధికరణమే చెబుతుంది. అలాంటి చోట నుంచి వచ్చిన మనిషికి టైమ్‌టేబుల్‌లోనే మతం పీరియడ్ కనబడితే ఉలికిపాటు సహజం. కానీ మీ తాతగారు ఊళ్లో అందరి మధ్యే ఉండి, అందరితో మాట్లాడి నాస్తికుడిగా బతికి ఉంటారు. పిల్లల్ని గదిలో పెట్టి తలుపేసి కాదు. ఆ ధైర్యం పాపకు ఇవ్వండి.

చివరగా దీపావళి. ముందు ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి ఫారంలో హిందూ తీసేసి మతం లేదని మార్పించండి. తర్వాత టీచర్‌ను కలిసి ‘మా పుట్టింట్లో ఈ పండుగ చేస్తారు, మేం మతం పాటించం, ఆ రెండూ చెప్పమంటే వస్తాను’ అనండి. ఒప్పుకుంటే తప్పక వెళ్లండి. మా అమ్మ దీపాలు వెలిగించి దణ్ణం పెట్టుకుంటుంది, మేం దీపాలు వెలిగించి స్నేహితుల్ని పిలుచుకుంటాం అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ తర్వాత గోరా గారి గురించి చెప్పండి. మన తెలుగువాడు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. కులాలు చూడకుండా అందర్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్నారు. ఉప్పు అనే పేరున్న అబ్బాయి కథ వింటే ఏడేళ్ల పిల్లలు చెవులు నిక్కబొడుచుకుంటారు. మతం లేని ఇళ్లకు కూడా చెప్పుకోవడానికి మనుషులు, కథలు, చేసిన పనులు ఉంటాయని మీ పాప తన క్లాసులోనే, తన టీచర్ ముందే వింటుంది.

టీచర్‌కి సరేనని చెప్పే ముందు పాపను అడగండి, అమ్మ వచ్చి అందరి ముందూ మాట్లాడటం తనకు ఇష్టమేనా అని. వద్దంటే ఈ ఏడాదికి ఆగండి.